ముందు వాయించేవాళ్ల ఇరవై నిమిషాలు

ఫిబ్రవరిలో హన్మకొండలోని ఒక కాలేజీ ఫెస్ట్‌లో మా మేనల్లుడి బ్యాండ్ వాయించింది. హైదరాబాద్ నుంచి పేరున్న రాక్ బ్యాండ్ ఒకటి వస్తోంది, దానికి ముందు వీళ్లకు ఇరవై నిమిషాలు ఇస్తామన్నారు. వీళ్లు నలుగురు పిల్లలు. మా చెల్లెలి ఇంటి మీది గదిలో, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని, రెండు నెలలు సాధన చేశారు. నాలుగు పాటలు, నాలుగూ సొంతంగా రాసుకున్నవే, మూడు తెలుగులో. ఆ రోజు వాళ్లకు దక్కింది పదకొండు నిమిషాలు. మూడో పాట సగంలో ఉండగా స్టేజీ పక్క నుంచి ఒకాయన వచ్చి ఇక చాలన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పటికే జనంలోంచి 'దిగు దిగు' అని మొదలైంది.

రాత్రి పదకొండున్నరకు వాడు మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ అన్నం పెడితే కలిపి అట్లాగే వదిలేశాడు. "మామా, మేం మంచిగ వాయించలేదా, లేకపోతే మీకు ఇనపడలేదా? అదొక్కటి చెప్పు" అన్నాడు.

నేను ఆ గ్రౌండ్‌లోనే ఉన్నాను. అయినా చెప్పలేకపోయాను, ఎందుకంటే నాకు నిజంగా తెలియలేదు. డ్రమ్స్ ధనాధనా వినిపించాయి. గొంతు ఎక్కడో గోడ అవతల నుంచి వస్తున్నట్టుంది. వాడి వేళ్లు గిటారు మీద కదలడం కనిపిస్తోంది కానీ గిటారు మాత్రం లేదు.

ఇరవై ఏళ్లుగా ఇలాంటి షోలకు వెళ్తున్నాను. కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్‌కు, అక్కడి నుంచి బెంగుళూరుకు, జీతం వచ్చిన కొత్తలో ముంబైకి కూడా. నన్ను నిరాశపరిచిన ఓపెనింగ్ బ్యాండ్లు చాలా ఉన్నాయి. తిరుగు రైల్లో స్నేహితులతో కలిసి వాళ్లను తిట్టుకున్న రాత్రులూ ఉన్నాయి. వాడి ప్రశ్న విన్నాక అవన్నీ ఒక్కొక్కటే మళ్లీ తీసి చూసుకుంటున్నాను. చూసేకొద్దీ ఒక సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తోంది. మనం బాగాలేవని తీసిపారేసిన ఓపెనింగ్‌లలో ఎక్కువ భాగం బ్యాండ్ స్టేజీ ఎక్కకముందే పాడైపోయినవి. పాడుచేసినవాళ్లలో నిర్వాహకులున్నారు, నాలాంటి ప్రేక్షకులూ ఉన్నారు.

నా మొదటి జ్ఞాపకం వరంగల్‌దే. అప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నాను. ఊరి బయట ఒక కాలేజీలో ఫెస్ట్. రాత్రికి ఒక సినిమా గాయకుడి కచేరీ, దాని ముందు సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఒక రాక్ బ్యాండ్. మా హాస్టల్లో నాలుగైదుగురికి తప్ప రాక్ అంటే ఏమిటో తెలియదు. ఆ నాలుగైదుగురిలో నేనొకణ్ని కాబట్టి మూడు రోజుల ముందు నుంచే అందరికీ చెప్పుకుంటూ తిరిగాను: చూడండి, అసలు సంగీతం అంటే ఎట్లా ఉంటుందో ఆ రోజు వింటారు. మార్చి నెల, సాయంత్రం ఐదు గంటలు, ఎదురెండ. ఐదుగురు కుర్రాళ్లు నల్ల టీషర్టులేసుకుని స్టేజీ ఎక్కారు. మొదటి పాటలో మైకు కుయ్యిమని అరిచింది. రెండో పాటలో గాయకుడు శ్రుతి తప్పాడు, తప్పినట్టు అతనికి తెలిసినట్టు కూడా లేదు. గిటారు ఒకసారి వినిపించి ఒకసారి పోతోంది. నా పక్కనున్నవాళ్లు నా వైపు చూసి నవ్వారు. ఆ సిగ్గు తట్టుకోలేక అందరికంటే ముందు 'దిగు' అని అరిచింది నేనే. తర్వాత గ్రౌండంతా అందుకుంది. మూడో పాట అయ్యాక వాళ్లలో పొట్టిగా ఉన్న కుర్రాడు గిటారును చాలా మెల్లగా, నిద్రపోతున్న పిల్లను దించినట్టు, స్టాండు మీద పెట్టి దిగిపోయాడు. అది ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

ఆ రోజు అసలేం జరిగిందో నాకు తెలిసింది పదేళ్ల తర్వాత. కాజీపేటలో నాకొక స్నేహితుడున్నాడు. వాళ్ల నాన్నకు మైక్‌సెట్ల దుకాణం ఉండేది. పెళ్లిళ్లకు, గణపతి మండపాలకు, మీటింగులకు సామాను వాళ్లదే. ఇప్పుడు వాడే సౌండ్, లైటింగ్ చూసుకుంటున్నాడు. ఒక రోజు మాటల్లో ఆ ఫెస్ట్ సంగతి వస్తే, ఆ సాయంత్రం మిక్సర్ పక్కన కేబుళ్లు చుట్టిన పిల్లగాడు వాడేనని తేలింది. మిక్సర్ అంటే మైకుల, వాద్యాల శబ్దాలన్నీ కలిపి బాక్సులకు పంపే పెట్టె. ఒక్కో మైకుకు, ఒక్కో వాద్యానికి అందులో కనీసం ఒక్కో ఛానెల్ కావాలి.

"అన్నా, గప్పుడు మా దగ్గర ఉన్నది పదహారు ఛానెళ్ల మిక్సర్ ఒక్కటే. సింగర్ టీమోళ్లు మధ్యాహ్నం వచ్చి పద్నాలుగు ఛానెళ్లు వాళ్లే పెట్టుకుని, సెట్టింగుల మీద టేపులేసి పోయిండ్రు. ఎవ్వరు ముట్టొద్దన్నరు. ఆ పోరగాండ్లకు మిగిలినయి రెండు. ఇద్దరు పాడెటోళ్లు, రెండు గిటార్లు, బేసు, డ్రమ్సు. రెండు ఛానెళ్లల్ల ఏం వస్తది చెప్పు? మానిటర్ బాక్సు సుత ఆన్ చెయ్యనియ్యలే."

మానిటర్ అంటే స్టేజీ మీద పాడేవాళ్ల కాళ్ల ముందు, వాళ్ల వైపు తిప్పి పెట్టే స్పీకర్. పెద్ద బాక్సులన్నీ జనం వైపే చూస్తుంటాయి. వెనక డ్రమ్స్ మోగుతుంటే పాడేవాడికి తన గొంతు తనకు వినపడేది ఆ మానిటర్లోనే. అది లేకపోతే ఎంత తర్ఫీదు ఉన్న గొంతయినా శ్రుతి తప్పుతుంది. ఆ కుర్రాడు శ్రుతి తప్పినట్టు తనకే తెలియలేదని నేను అనుకున్నానే, అది నిజమే. తెలిసే దారి లేదు.

"మరి ఆ రోజు ఎవరికన్నా చెప్పొద్దారా?" అన్నాను.

"ఎవ్వలికి చెప్పాలె? మీరే దిగు దిగు అనవడ్తిరి."

సౌండ్‌చెక్ వరసలోనే ఈ కష్టమంతా ఉంది. సౌండ్‌చెక్ అంటే షోకు ముందు మైకులు, వాద్యాలు ఎట్లా వినిపిస్తున్నాయో చూసి సరిచేసుకోవడం. చూసేవాళ్లకు ముందు బ్యాండ్ ముందు వస్తుంది, మెయిన్ బ్యాండ్ ఆఖరున వస్తుంది. సౌండ్‌చెక్ మాత్రం తిరగేసి జరుగుతుంది. మెయిన్ బ్యాండ్ మొదట చేసుకుంటుంది, ముందు వాయించేవాళ్లు ఆఖరున చేసుకుంటారు. అలాగైతే వాళ్ల సామాను ఎక్కడిదక్కడే ఉండి, గేట్లు తెరవగానే షో మొదలుపెట్టొచ్చు. పద్ధతిగా చూస్తే తప్పేం లేదు. కానీ పన్నెండుకు రావాల్సిన మెయిన్ బ్యాండ్ మూడింటికి వస్తే, ఆ పోయిన మూడు గంటలూ ఎవరి లెక్కలోంచి పోతాయి? గేట్ల సమయం మారదు, మెయిన్ బ్యాండ్ తన చెక్ తగ్గించుకోదు. మొత్తం నష్టం ఆఖరున నిలబడ్డవాడిదే. ఫిబ్రవరిలో మావాడి విషయంలో జరిగిందీ ఇదే. నాలుగింటికి చెక్ అని చెప్పి, నాలుగున్నరకు ఇప్పుడే అని, ఐదింటికి గేట్లు తెరిచారు. పిల్లలు ఒక్క తీగ మీటకుండా సరాసరి జనం ముందుకెళ్లారు.

ఎండ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. మన ఊళ్లో రాత్రిపూట మంచం మీద పడుకుంటే రెండు మూడు కిలోమీటర్ల అవతలి జాతర మైకు మాట మాటా వినిపిస్తుంది. అదే మైకు పగలు పెడితే పక్క వీధికే సరిగా వినపడదు. చుట్టూ చప్పుడు తక్కువ కావడం ఒక కారణం, గాలి ఇంకో కారణం. పగలు నేల కాలి, నేలకు దగ్గరగా ఉన్న గాలి వేడిగా ఉంటుంది, పైన చల్లగా ఉంటుంది. వేడి గాలిలో శబ్దం వేగంగా పోతుంది కాబట్టి అది మెల్లగా పైకి వంగుతుంది. రాత్రి నేల చల్లబడ్డాక తిరగబడి కిందికి వంగుతుంది. ఐదింటికి వాయించే బ్యాండ్ సౌండ్ వెనక వరసల మీదుగా ఆకాశానికి పోతుంటే, అదే బాక్సుల మీద ఎనిమిదింటికి వాయించే బ్యాండ్ సౌండ్ నేలను పట్టుకుని వస్తుంది. ఎండకు గిటారు ఉక్కు తీగలు సాగి శ్రుతి దిగిపోవడం దీనికి అదనం. నీడలో శ్రుతి చేసుకుని ఎండలోకి వస్తే రెండో పాటకే తేడా వస్తుంది. పైగా పట్టపగలు లైట్లు కనిపించవు, గ్రౌండ్ సగం ఖాళీగా ఉంటుంది. తర్వాత వచ్చేవాళ్లకు చీకటి, లైట్లు, నిండిన జనం, చల్లబడ్డ గాలి. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి 'వీళ్లెక్కడ, వాళ్లెక్కడ' అంటాం.

'నిజంగా దమ్మున్న బ్యాండ్ అయితే ఎట్లాంటి చోటయినా జనాన్ని పట్టేస్తుంది' అని నా స్నేహితుల్లో చాలామంది అంటారు. నేనూ చాలా ఏళ్లు అదే అన్నాను. ఆ మాట తప్పని చెప్పడానికి ఒక్క పేరు చాలు. అమెరికా గిటారిస్టు జిమీ హెండ్రిక్స్.

1967 జూన్ 18న కాలిఫోర్నియాలో మాంటెరే పాప్ ఫెస్టివల్‌లో హెండ్రిక్స్ వాయించాడు. గిటారుకు నిప్పు పెట్టింది ఆ రాత్రే. ఎలక్ట్రిక్ గిటారు గురించి ఎవరు మాట్లాడినా ఇప్పటికీ ఆ రాత్రి ప్రస్తావన వస్తుంది. సరిగ్గా ఇరవై రోజులకు, జూలై 8న, ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో అతను మంకీస్ అనే బ్యాండ్‌కు ముందు వాయించడానికి నిలబడ్డాడు. మంకీస్ ఒక టీవీ సీరియల్ కోసం ఏర్పరిచిన బృందం. ఆ షోలకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది చిన్న ఆడపిల్లలు, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన అమ్మానాన్నలు. హెండ్రిక్స్ పాడుతుంటే వాళ్లు మంకీస్ గాయకుడు డేవీ జోన్స్ కోసం కేకలు పెట్టారు. పది రోజులు కూడా నిలవలేదు. న్యూయార్క్‌లో ఫారెస్ట్ హిల్స్ షోల తర్వాత అతను ఆ టూర్ వదిలేసి వెళ్లిపోయాడు.

గమనించాల్సింది ఏమిటంటే, మంకీస్ వాళ్లకు హెండ్రిక్స్ అంటే చాలా ఇష్టం. కావాలని పిలిపించుకున్నది వాళ్లే. అక్కడ ఎవరికీ దురుద్దేశం లేదు, వాయించినవాడికి ప్రతిభ తక్కువ లేదు. అయినా అది ఓడిపోయిన ఓపెనింగ్. ఎవరి ముందు ఎవరిని నిలబెట్టాలో చూసుకోకపోవడం ఒక్కటే తప్పు. మాంటెరేలో వాయించిన చేతులే జాక్సన్‌విల్‌లోనూ వాయించాయి. ఇరవై రోజుల్లో మారింది చెవులే.

1981 అక్టోబర్‌లో లాస్ ఏంజిలిస్ కొలీజియంలో రోలింగ్ స్టోన్స్ బ్యాండ్‌కు ముందు గాయకుడు ప్రిన్స్ వాయించినప్పుడూ అంతే. ఆ స్టేడియంలో దాదాపు 90 వేల మంది. కొన్ని పాటలకే వస్తువులు విసరడం మొదలుపెట్టారు. ప్రిన్స్ స్టేజీ దిగి తన ఊరు మినియాపొలిస్ వెళ్లిపోయాడు. స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ ఫోన్ చేసి నచ్చజెబితే రెండో షోకు తిరిగొచ్చాడు, మళ్లీ అదే జరిగింది. 1984లో ప్రిన్స్ ఆల్బమ్ 'పర్పుల్ రెయిన్' వచ్చింది. అప్పుడు దాన్ని కొనుక్కుని విన్నవాళ్లలో ఆ స్టేడియంలో చెయ్యెత్తి విసిరినవాళ్లు కూడా ఉండే ఉంటారని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. వాళ్లు తమ పిల్లలకు ఆ సంగతి చెప్పుకున్నారో లేదో.

నా సంగతి చెప్తాను. 2007 మార్చి 17న బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ షోకు వెళ్లాను. మన దేశంలో వాళ్ల మొదటి షో అది. కాచిగూడలో రైలెక్కి, జనరల్ బోగీలో నిలబడి వెళ్లాం. ఆ రోజు మెయిడెన్ ఏమేం వాయించారో ఇప్పటికీ చెప్పగలను. వాళ్లకు ముందు ఢిల్లీ బ్యాండ్ పరిక్రమ వాయించింది. 1991 నుంచి ఉన్న బ్యాండ్. వయొలిన్ పెట్టుకుని రాక్ వాయించే మనవాళ్లు. వాళ్లు ఏ పాటతో మొదలుపెట్టారో, ఎన్ని వాయించారో నాకు ఒక్కటీ గుర్తులేదు. బాగాలేక కాదు. నేను వినలేదు. నా మనసంతా ఆ తెర వెనక ఎప్పుడు కదలిక వస్తుందా అన్నదాని మీదే ఉంది. అదే ఏడాది జూన్‌లో పరిక్రమ ఇంగ్లండ్ వెళ్లి డౌన్‌లోడ్ ఫెస్టివల్‌లో వాయించారు. ఆ వార్త చదివినప్పుడు నాకు గర్వం కలగలేదు, బాధ కలిగింది. అంత దూరం పిలుపు అందుకున్న బ్యాండ్ నా ముందు నిలబడి వాయిస్తుంటే, టికెట్ కొనుక్కుని వెళ్లి కూడా వినకుండా వచ్చాను.

అట్లా అని ముందు వాయించే ప్రతివాళ్లనూ వెనకేసుకు రాను. నిజంగా బాగాలేనివాళ్లనూ చూశాను. హైదరాబాద్‌లో ఒక హాల్లో, ఏసీ ఉంది, సౌండ్ శుభ్రంగా ఉంది, వాళ్లకు గంట సేపు చెక్ ఇచ్చారు, అరగంట స్లాట్ ఇచ్చారు. పాటకూ పాటకూ మధ్య గిటారు అతను వాల్యూమ్ తగ్గించకుండానే రెండేసి నిమిషాలు శ్రుతి చేసుకున్నాడు. పాడే అతను సెల్‌ఫోన్ చూసి సాహిత్యం చదివాడు. తన పాటే, తనే రాసుకున్నాడు, అది కూడా నోటికి రాలేదు. డ్రమ్స్ అతను ఏడు నిమిషాల పాటు ఒక్కడే వాయించాడు. చప్పట్లు రాకపోయేసరికి మైకులో 'మీకు ఇది అర్థం కావడానికి ఇంకా టైం పడుతుంది' అన్నాడు. నాకు వచ్చిన కోపం ఇంకా పోలేదు. వచ్చినవాళ్ల సాయంత్రం విలువ తెలియనివాడు స్టేజీ ఎక్కకూడదు. సాధన చేయకుండా రావడం తప్పు. ఇచ్చిన సమయం దాటి వాయించడం అంతకంటే పెద్ద తప్పు. సౌండ్ లేదనో, జనం మంచివాళ్లు కారనో చెప్పి ఈ రెండింటినీ కప్పిపుచ్చుకోవడం కుదరదు.

అయితే ఆ బ్యాండ్ అక్కడికి ఎట్లా వచ్చిందో తర్వాత తెలిసింది. యాభై టికెట్లు అమ్మిపెడితే స్లాట్ ఇస్తామన్నారట. వాళ్లు తమ దోస్తులకు, చుట్టాలకు అమ్మారు. ఆ యాభై మందీ వీళ్ల అరగంట అయిపోగానే లేచి వెళ్లిపోయారు. మెయిన్ బ్యాండ్ వచ్చేసరికి హాలు సగం ఖాళీ. అంటే ఆ రాత్రి ముందువాళ్లను వినడానికి వచ్చినవాళ్లు వెనకవాళ్లను వినలేదు, వెనకవాళ్ల కోసం వచ్చినవాళ్లు ముందువాళ్లను భరించారు. ఎవరు బాగా వాయిస్తారని కాకుండా ఎవరు ఎక్కువ అమ్ముతారని చూసి స్టేజీ ఎక్కిస్తే ఫలితం ఇట్లాగే ఉంటుంది.

నన్ను ఇంతగా బాధపెట్టేది ఇంకొకటుంది. మనం ఈ 'ముందు వాయించడం' అనేదాన్ని ఎక్కడో అమెరికా నుంచి తెచ్చుకున్నట్టు ప్రవర్తిస్తాం. మొదటి అరగంట ఎట్లా ఉండాలో మన దగ్గర తెలియనివాళ్లు ఎవరు? నా చిన్నప్పుడు తాత నన్ను సంక్రాంతికి ఐలోని (ఐనవోలు) మల్లన్న జాతరకు తీసుకెళ్లేవాడు. ఐనవోలు గుడి ముందు పట్నాలు, అంటే దేవుడికి రంగు పొడులతో నేల మీద వేసే ముగ్గులు, వేస్తుంటారు, ఒక పక్క బోనాలు, ఇంకో పక్క ఒగ్గు కథ. కథలోకి వెళ్లేముందు డోళ్లు లేస్తాయి. నడుముకు డోలు కట్టుకున్నవాళ్లు గుండ్రంగా తిరుగుతూ, ఎగురుతూ, వంగుతూ కొడుతుంటే తాళాలు వాళ్లను తరుముతుంటాయి. నపీర అనే ఊదే వాద్యం గొంతు పైన ఎక్కడో ఉంటుంది. అప్పటికి మల్లన్న పేరు కూడా కథలోకి రాలేదు. అయినా బండ్ల దగ్గర బొరుగులు కొనుక్కుంటున్నవాళ్లు, నెత్తిన పిల్లలను ఎక్కించుకున్నవాళ్లు అందరూ ఆ డోళ్ల దగ్గరికే వచ్చి నిలబడేవాళ్లు. తర్వాత దేవతల ప్రార్థన, ఆ తర్వాత కథ. డోళ్లను ఎవరూ 'కథకు ముందు కాలక్షేపం' అనుకోరు. డోళ్లు మోగితేనే కథకు చోటు ఏర్పడుతుంది.

నాట్యశాస్త్రంలో ఐదో అధ్యాయం మొత్తం పూర్వరంగం గురించే. నాటకం మొదలయ్యే ముందు చేయాల్సినవి ఒక్కొక్కటిగా చెప్తాడు భరతుడు. అందులో మొదటిది ప్రత్యాహారం, అంటే వాద్యాలను వాటి వాటి చోట్ల అమర్చడం. తర్వాత అవతరణం, పాడేవాళ్లు తమ స్థానాల్లో కూర్చోవడం. ఆ తర్వాత గొంతు సవరించుకోవడం, వాద్యాలను సవరించుకోవడం. ఇది సౌండ్‌చెక్ కాక మరేమిటి? దాన్ని ప్రదర్శనలో భాగంగా లెక్కపెట్టి, పేర్లు పెట్టి, వరస చెప్పిన సంప్రదాయం మనది. అట్లాంటి చోట ఒక కాలేజీ పిల్లలకు పది నిమిషాలు వాద్యాలు సవరించుకునే వీలు దొరకకపోవడం ఏమిటి?

మన దగ్గరా ఒక చెడ్డ అలవాటు లేకపోలేదు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో మీటింగుల్లో జరిగే పాటల ప్రదర్శన, ధూంధాం, చూసినవాళ్లకు తెలుసు. కళాకారులు గోసి, గొంగడి, గజ్జెలతో ఎక్కి పాడితే మైదానం ఊగిపోయేది. నిజానికి చాలామంది వచ్చింది ఆ పాటల కోసమే. కానీ నాయకుడి కారు ఆలస్యమైతే రెండు గంటలు, మూడు గంటలు వాళ్లే పాడాలి. గొంతులు బొంగురుపోయేవి. కారు రాగానే పాట చరణం మధ్యలో ఆగిపోయేది, మైకు చేతులు మారేది. పల్లవికి తిరిగి రానిచ్చిన సందర్భాలు నేను చూసినవి చాలా తక్కువ. పాడేవాళ్లు ఉన్నది జనాన్ని పట్టి ఉంచడానికే అనే ఆలోచన మన మీటింగుల్లోంచి మన కచేరీల్లోకీ వచ్చింది. ఫిబ్రవరిలో స్టేజీ పక్క నుంచి చెయ్యి ఊపిన పెద్దమనిషి చేసింది అదే.

'నేను డబ్బులు పెట్టింది మెయిన్ బ్యాండ్‌కు, మధ్యలో వీళ్లను ఎందుకు వినాలి?' అని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు ఉంది. వినకండి. బయటికెళ్లి చాయ్ తాగండి, ఫోన్ చూసుకోండి, ఆలస్యంగా రండి. అది మీ హక్కు, ఎవరూ కాదనరు. కానీ వినాలనుకునేవాడి పక్కన నిలబడి 'దిగు' అని అరిచే హక్కు టికెట్‌తో రాదు. పద్దెనిమిదేళ్ల పిల్లాడికి ఆ అరుపు ఎన్నాళ్లు వినిపిస్తుందో నాకు ఇప్పుడు తెలుసు.

నిర్వాహకులకు అప్పట్లో ఉన్న సాకు ఇప్పుడు లేదు. పాత మిక్సర్‌లో ఒక్క బటన్ కదిలినా మెయిన్ బ్యాండ్ సెట్టింగ్ పోయేది, అందుకే టేపులు. ఇప్పుడు కాలేజీ ఫెస్ట్‌లకు కూడా డిజిటల్ మిక్సర్లే వస్తున్నాయి. ఒక బ్యాండ్ సెట్టింగులన్నీ ఒక పేరుతో దాచుకుని, ఇంకో బ్యాండ్‌వి పెట్టుకుని, ఒక్క నొక్కుతో మళ్లీ పాతవి తెచ్చుకోవచ్చు. కాజీపేట స్నేహితుడిని అడిగాను, నలుగురు పిల్లల బ్యాండ్‌కు ఎంత సేపు కావాలని. "పదిహేను నిమిషాలియ్యి అన్నా, మంచిగ చేసి పెడ్త. పది నిమిషాలైనా పర్వలే. ఉత్తగ స్టేజీ ఎక్కియ్యకుర్రి" అన్నాడు. ఆ పదిహేను నిమిషాలు కాగితం మీద రాయాలి. మెయిన్ బ్యాండ్ ఆలస్యమైతే ఆ ఆలస్యం వాళ్ల లెక్కలోనే పోవాలి. ఐదింటికి కాకుండా ఆరున్నరకు మొదలుపెట్టగలిగితే ఇంకా మంచిది, మన ఎండలకు ఆ గంటన్నర చాలా మార్పు తెస్తుంది.

ఒక మంచి సాయంత్రం కూడా చూశాను కాబట్టే ఇంత నమ్మకంగా చెప్తున్నాను. కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక షోలో ముందు ముగ్గురు వచ్చారు. వాళ్ల పేరు ఎవరికీ తెలియదు. వాళ్లు ఎక్కే ముందు మెయిన్ బ్యాండ్ గాయకురాలు తానే మైకు దగ్గరికొచ్చి, "వీళ్ల పాటలు నేను ఇంట్లో వింటాను, మీరూ ఒకసారి వినండి" అని చెప్పి, స్టేజీ పక్కనే ఒక పెట్టె మీద కూర్చుంది. అంతే. ఆమె వింటోందని మాకు కనిపిస్తోంది. ఎనిమిది వందల మంది ఉన్న హాలు మెల్లగా సద్దుమణిగింది. మొదటి పాట చాలా నెమ్మదైనది, బేసు తీగ ఒక్కటే మొదలై, అది ఆగుతుందేమో అనుకునేంతలో గొంతు వచ్చింది. ఇరవై అయిదు నిమిషాలిస్తే ఇరవై నాలుగుకు దిగిపోయారు. ఆ రాత్రి తిరుగు రైల్లో మేం మాట్లాడుకున్నది వాళ్ల గురించే.

మావాడి ప్రశ్నకు ఆ రోజు జవాబు చెప్పలేదని అన్నాను కదా. మరుసటి ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. "ఇనపడలేదురా. అందుకే మంచిగుందో లేదో నాకు తెల్వదు. ఇప్పుడు వినిపియ్యి" అన్నాను. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గిటారు తీసుకుని డాబా మీదికి నడిచాడు. గిటారు చప్పుడు పెంచే ఆంప్ తేలేదు. కరెంటు లేని ఎలక్ట్రిక్ గిటారు చప్పుడు ఎంత సన్నగా ఉంటుందో విన్నవాళ్లకు తెలుసు, వేలిగోటితో పళ్లెం అంచు మీటినట్టుంటుంది. నేను పక్కనే, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. కాజీపేట వైపు ఏదో గూడ్సు పోతోంది. అది పోయేదాకా ఆగాడు.

మొదటి రెండు పాటలు వదిలేసి, వాడు మూడోదే ఎత్తుకున్నాడు, అక్కడ సగంలో ఆగినది. భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున్నే నడిచే తన తాత గురించి రాసుకున్న పాట. రెండో చరణం తర్వాత అప్పటిదాకా నాలుగు దెబ్బల మీద నడిచిన తాళం ఒక్కసారి మూడుకు మారుతుంది. ముసలాయన నడక తడబడి, చేతికర్ర ఆసరాతో మళ్లీ సర్దుకున్నట్టుగా. గ్రౌండ్‌లో చెయ్యి ఊపింది సరిగ్గా దానికి ముందే.

"ఇది అక్కడిదాకా రానే రాలే మామా" అన్నాడు. మళ్లీ రెండో చరణం నుంచి వాయించమన్నాను.